చట్టం కంటే ముందున్న హక్కు



చట్టానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? మనిషి బుద్ధి నుంచా, ఏలేవాడి సంకల్పం నుంచా? నీతిశాస్త్రంలో శతాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఇది. అందరి మేలు కోరి బుద్ధి చేసే ఏర్పాటే చట్టమని 13వ శతాబ్దంలో థామస్ అక్వైనస్ అన్నాడు. రాజు రాసినా రాయకపోయినా న్యాయం న్యాయమే. దానికే సహజ ధర్మమని పేరు. బుద్ధి మంచిచెడ్డలు చూపించినా, ఆజ్ఞాపించే సంకల్పం తోడైతేనే చట్టమవుతుందని 1612లో స్పెయిన్ పండితుడు సువారెజ్ వాదించాడు. 1651లో ఇంగ్లండ్ తత్వవేత్త హాబ్స్ మొగ్గు పూర్తిగా అధికారం వైపే.

ఈ వాదం మన అడవిలో ప్రాణాల మీదికొచ్చింది.

భద్రాచలం కొండల్లో కోయ ఆదివాసులు తరతరాలుగా పోడు కొట్టుకుని, అంటే అడవి నరికి సాగు చేసుకుని బతికారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఆ బతుకుతెరువే నేరమైంది. తెల్లదొరల సంకల్పం చట్టమైంది గానీ, అందులో న్యాయం లేదు. అటు నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో ఆదివాసుల హక్కుల కోసం పోరాడిన గోండు నాయకుడు కొమరం భీం నేలకొరిగాక, ప్రభుత్వం పంపగా వెళ్లిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదివాసులకు భూమి మీద హక్కు కావాలని తేల్చి చెప్పాడు. అంటే అన్యాయమని అప్పటికే తెలుసు. తెలిసినదాన్ని దేశమంతటికీ చట్టం చేసే సంకల్పం రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. కొత్తగా ఏదో దానం చేస్తున్నట్టు కాకుండా, ఉన్నా నమోదు కాని హక్కులను గుర్తిస్తున్నట్టు రాసుకుంది. దాని కింద చేసిన నిబంధనలు కాగితం లేని కుటుంబానికి దారి కూడా చూపాయి: పొలం గట్టు, పాత బావి, పూర్వీకుల సమాధులు, ఊరి పెద్దల లిఖిత వాంగ్మూలం, అన్నీ సాక్ష్యాలే.

అయినా గొడవ తీరలేదు. 2005 డిసెంబరు 13 తర్వాత కొట్టిన పోడుకు ఆ చట్టం వర్తించదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. విధి నిర్వహణలో ఉన్న ఆ మనిషి ప్రాణం కూడా సహజ ధర్మం కాపాడవలసినదే. ఆదివాసి హక్కు పేరుతో ఆ హత్యను ఎవరూ సమర్థించకూడదు.

నేడు పట్టభద్రులవుతున్న మీలో రేపు కొందరు అటవీ శాఖలో, కొందరు రెవెన్యూలో, కొందరు కోర్టుల్లో ఉంటారు. ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. చదువు రాని ముసలవ్వ చెప్పే వాంగ్మూలాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టే చెయ్యి, ఈ హక్కుల దరఖాస్తులను ముందుగా పరిశీలించే గ్రామసభకు ఈ రోజే కావాలి. వెళ్లి రాసిపెట్టండి.