యుద్ధవేళ వాక్స్వాతంత్ర్యము

2003వ సంవత్సరము మార్చి 11వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టనులో ప్రతినిధుల సభ వారి భోజనశాలలలో వంటకముల పట్టిక మారినది. వంటకములు యథాప్రకారముగా నున్నవి. పేర్లు మాత్రమే మారినవి. బంగాళాదుంపలను సన్నగా, పొడవుగా తరిగి నూనెలో వేయించిన పదార్థమును ఆ దేశస్థులు 'ఫ్రెంచి ఫ్రైస్' అందురు. ఆనాటినుండి దాని పేరు 'ఫ్రీడమ్ ఫ్రైస్', అనగా స్వాతంత్ర్యపు వేపుడు. రొట్టెముక్కను గ్రుడ్డుసొనలో ముంచి కాల్చిన 'ఫ్రెంచి టోస్టు' కూడ 'ఫ్రీడమ్ టోస్టు' ఆయెను. ఉత్తరు విచ్చినవారు సభాపరిపాలన సంఘమునకు అధ్యక్షుడుగా నుండిన బాబ్ నే. ఆయన ప్రక్కన నిలిచి ఈ మార్పును ప్రకటించినవాడు ఉత్తర కెరొలీనా ప్రతినిధి వాల్టర్ జోన్స్. తన ప్రాంతములోని బ్యూఫర్టు అను చిన్న పట్టణమున ఒక ఫలహారశాల యజమాని ఇట్లు పేరు మార్చుట చూచి జోన్స్ ఆ యోచనను రాజధానికి తెచ్చెను. ఈయనను మీరు కొంచెము జ్ఞాపక ముంచుకొనవలెను. ప్రసంగాంతమున మరల కనబడును.

ఫ్రెంచి రాయబార కార్యాలయమువారు దీనికి శాంతముగా సమాధానము చెప్పిరి. ప్రపంచము మిక్కిలి గంభీరమైన ఘట్టములో నున్నదనియు, బంగాళాదుంపలకు ఎవరు ఏ పేరు పెట్టుదురో తాము పట్టించుకొనుటలేదనియు వారి మాటల సారాంశము. ఆ వేపుడు పుట్టినది బెల్జియములో అని కూడ వారు మెల్లగా జ్ఞాపకము చేసిరి.

ఇది వినగానే మనకు నవ్వు వచ్చును. కాని యుద్ధము ముంగిట నిలిచినప్పుడు ఒక ప్రజాస్వామ్యదేశము తనతో ఏకీభవింపనివారిని ఎట్లు చూచును? కోపము చూపుట ఎంతవరకు పౌరుల హక్కు, ఎక్కడినుండి అది ఇతరుల నోరు నొక్కుట యగును? ఈ ప్రశ్నలు ఆ వంటకముల పట్టిక వెనుక దాగియున్నవి. అవి నవ్వదగినవి కావు.

మొదట కలహకారణమును చూతము. ఇరాకు తన ఆయుధముల విషయమున పూర్తి లెక్క చెప్పవలెనని 2002 నవంబరు 8వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1441వ తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదించెను. ఫ్రాన్సు కూడ దానికి అనుకూలముగనే ఓటు చేసినది. తరువాత పరీక్షకులు ఇరాకులో వెదకుచుండగా, ఇక ఆగనవసరము లేదని అమెరికా, బ్రిటనులు పలికినవి. పరీక్షకులకు ఇంకను వ్యవధి ఇండని ఫ్రాన్సు పలికినది. 2003 ఫిబ్రవరి 14వ తేదీన ఫ్రెంచి విదేశాంగ మంత్రి దొమినిక్ ద విల్పాఁ భద్రతామండలిలో చేసిన ఉపన్యాసమునకు, ఆ మందిరపు ఆచారమునకు విరుద్ధముగా, కరతాళధ్వనులు మ్రోగినవి. మార్చి 10వ తేదీన అధ్యక్షుడు జాక్ షిరాక్ యుద్ధమునకు దారితీయు తీర్మానమును తమ దేశము నిరాకరించునని టెలివిజనులో స్పష్టముగా చెప్పెను. మరునాడే వాషింగ్టనులో బంగాళాదుంప పేరు మారినది. పది దినములలోపల యుద్ధ మారంభమాయెను.

యుద్ధమును వ్యతిరేకించినది ఫ్రాన్సు ఒక్కటియే కాదు. జర్మనీ, రష్యా, చైనాలు కూడ వ్యతిరేకించినవి. మరి ఫ్రాన్సు మీదనే అంత కినుక ఏల? ఆ దేశమునకు నిషేధాధికార ముండుట ఒక కారణము. పాత స్నేహము మరియొక కారణము. 1781లో యార్క్‌టౌనువద్ద ఆంగ్లసైన్యము లొంగిపోవుటకు ఫ్రెంచి నౌకాబలము, సేనలు తోడ్పడినవి. న్యూయార్కు రేవులో 1886లో ప్రతిష్ఠింపబడిన స్వాతంత్ర్యదేవతా విగ్రహము ఫ్రెంచి ప్రజల కానుక. 1944లో ఫ్రాన్సు విముక్తికై వేలకొలది అమెరికను యువకులు నార్మండీ నేలపై నెత్తురు ధారపోసిరి. పరాయివాడు కాదన్న మాటకన్న అయినవాడు కాదన్న మాట ఎక్కువగా నొప్పించును. ఆ నొప్పిని మనము ఎగతాళి చేయరాదు.

ఆ నొప్పి అంగళ్ళలో బహిష్కారరూపము దాల్చినది. కొందరు ఫ్రెంచి ద్రాక్షసారాయి సీసాలను వీథిలో కుమ్మరించిరి. 'ఫ్రెంచెస్' అను ఆవపిండి ముద్దను తయారుచేయు కంపెనీవారు, ఆ పేరు ఫ్రాన్సు దేశమునకు సంబంధించినది కాదనియు, న్యూయార్కు రాష్ట్రపు ఫ్రెంచి అను ఇంటిపేరుగల కుటుంబమువారిదనియు ప్రజలకు చెప్పుకొనవలసివచ్చినది. బహిష్కారపు ఫలితమును గూర్చి అర్థశాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయము కుదరలేదు. చావిస్, లెస్లీ అను ఇద్దరు పరిశోధకులు ద్రాక్షసారాయి వారపు విక్రయములు ఒక దశలో నూటికి 26 వంతులు తగ్గినవని లెక్కగట్టిరి. ఆషెన్‌ఫెల్టరును, ఆయన సహచరులును ఆ విక్రయములు అంతకుముందునుండియే క్రమముగా తగ్గుచున్నవనియు, బహిష్కారపు జాడ తమకు కనబడలేదనియు వ్రాసిరి. ఒకటి మాత్రము నిజము: వీథిలో పారబోసిన సీసాకు ఫ్రెంచి రైతునకు రావలసిన సొమ్ము మునుపే ముట్టియున్నది. అటుపై కొనుగోళ్ళు ఆగినచో ఆ దెబ్బలో కొంతపాలు దిగుమతి చేయు అమెరికను వర్తకునిది, వడ్డించు అమెరికను పనివానిది.

అయినను, కొనకుండుట కొనుగోలుదారుని హక్కు. స్వదేశీ ఉద్యమమును నడపిన మనకు దీనిని ఎవరును బోధింపనక్కరలేదు. నోట చెప్పినచో విననివారికి చేతితో చెప్పు మాట బహిష్కారము; అదియు వాక్స్వాతంత్ర్యములో ఒక భాగమే. కాని బహిష్కారమునకును ఒక మర్యాద యున్నది. విదేశీవస్త్ర బహిష్కారమువలన లాంకషైరు మిల్లులు దెబ్బతిన్న కాలమున, 1931 సెప్టెంబరులో, గాంధీమహాత్ముడు స్వయముగా ఆ ప్రాంతమునకు పోయెను. డార్వెన్ పట్టణమున మిల్లు కార్మికుల నడుమ కూర్చుండి, వారి కష్టమును విని, తన దేశపు దారిద్ర్యమును వారికి వివరించెను. పని పోగొట్టుకొన్నవారే ఆయనను ఆదరించిరి. గుడ్డను త్రోసివేసిన చేయి, దానిని నేసిన మనిషిని త్రోసివేయలేదు. బహిష్కారము ఎదుటివానితో సంభాషణను తెంపివేయకూడదని ఆ యాత్ర చాటినది.

సంభాషణ తెగినచో ఏమగునో అమెరికా చరిత్రయే చెప్పుచున్నది. 1917లో ఆ దేశము జర్మనీతో యుద్ధమునకు దిగిన కాలమునను వంటకముల పేర్లు మారినవి. పులియబెట్టిన క్యాబేజీకి గల 'సవర్‌క్రౌట్' అను జర్మను పేరు పోయి 'లిబర్టీ క్యాబేజీ' వచ్చినది. బడులలో జర్మను భాష చెప్పుట మానిపించిరి. 1918 ఏప్రిల్ 5వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రపు కాలిన్స్‌విల్ పట్టణమున, జర్మనీలో పుట్టిన రాబర్టు ప్రేగర్ అను కార్మికుని ఒక గుంపు చెట్టునకు ఉరివేసినది. ఆ నేరమునకు విచారణకు వచ్చిన వారందరును నిర్దోషులుగా విడుదలయైరి. పేరుతో ఆగక ఆ కోపము ప్రాణమును కూడ తీసినది.

ఆ కాలమున చట్టము కూడ కోపమునకు తోడైనది. 1917 నాటి గూఢచర్య చట్టము, దానికి 1918లో చేర్చిన రాజద్రోహపు నిబంధనలు యుద్ధవిమర్శను నేరముగా చేసినవి. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ 1918 జూన్ 16వ తేదీన ఒహాయో రాష్ట్రపు కాంటను పట్టణమున చేసిన ఒక ఉపన్యాసమునకు పదేండ్ల కారాగారశిక్ష పడినది. 1919 మార్చిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా దానిని ధ్రువపరచెను. ఆ తీర్పు వ్రాసినవారు జస్టిస్ హోమ్స్. చిత్రమేమనగా, అదే సంవత్సరము నవంబరులో ఏబ్రమ్స్ అను మరియొక వ్యాజ్యెమున ఆ హోమ్సే బ్రాండైసుతో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసెను. మనకు రోత పుట్టించు అభిప్రాయములను సైతము, తక్షణాపాయము లేనప్పుడు, అడ్డగింపరాదని ఆయన వాదము. చెరసాలలో నుండియే 1920లో అధ్యక్ష పదవికి పోటీచేసిన డెబ్స్‌కు తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చినవి. 1921 క్రిస్మసు దినమున ఆయన విడుదలయ్యెను. హోమ్స్ నాటిన విత్తనము పెరిగి, తక్షణమే చట్టవిరుద్ధమైన చర్యకు పురికొల్పు మాటను మాత్రమే ప్రభుత్వము శిక్షింపవచ్చునని 1969లో సుప్రీంకోర్టు తీర్పుగా ఫలించినది.

అందుచేత 2003లో యుద్ధమును విమర్శించినంతమాత్రమున ఎవరికిని పదేండ్ల శిక్ష పడలేదు. ఇది గొప్ప అభివృద్ధి. దానిని మనము ఒప్పుకొనవలెను. కాని నోరు నొక్కుటకు చెరసాల ఒక్కటియే సాధనము కాదు. యుద్ధమునకు కొలది దినముల ముందు, న్యూయార్కు రాష్ట్రపు ఆల్బనీ నగర సమీపమున ఒక పెద్ద అంగళ్ళ సముదాయములో సుమారు అరువదియేండ్ల న్యాయవాది యొకడు శాంతిని కోరు నినాదముగల చొక్కా ధరించి తిరుగుచుండెను. ఆ చొక్కా ఆ సముదాయములోనే తయారుచేయించుకొన్నది. దానిని విప్పుమని కావలివారు ఆజ్ఞాపించిరి. ఆయన నిరాకరించెను. పోలీసులు వచ్చి నిర్బంధించిరి. ప్రజలు గుంపులుగా వచ్చి నిరసింపగా ఆ అభియోగమును విరమించుకొనిరి. అమ్ముటకు అడ్డులేని మాట ధరించుటకు అడ్డమైనది!

రేడియో ఉద్యోగినగు నన్ను అన్నింటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది మరియొక ఉదంతము. 2003 మార్చి 10వ తేదీ రాత్రి, లండను నాటకశాలలో 'డిక్సీ చిక్స్' అను గాయనీబృందము పాడుచుండెను. వారిలో నటాలీ మేన్స్ అను గాయని, తమ అధ్యక్షుడు తమ టెక్సాసు రాష్ట్రమువాడైనందుకు తాము సిగ్గుపడుచున్నామని అన్నది. ఆ వార్త అమెరికా చేరినది. అప్పుడు వారి పాట యొకటి జానపదశైలి పాటల పట్టికలో ప్రథమస్థానమున నున్నది. వియత్నాము యుద్ధములో మరణించిన ఒక సైనికుని గూర్చిన పాట అది! కొలది వారములలో అది పట్టికనుండియే మాయమైనది. లూయిజియానాలో వారి రికార్డులను ట్రాక్టరుక్రింద నలుగగొట్టిరి. క్యుములస్ అను కంపెనీ తన 42 కేంద్రములలో వారి పాటలను కొంతకాలము నిలిపివేసెను. కొలరాడోలో మరియొక కేంద్రమున వారి పాటలు వేసినందుకు ఇద్దరు ప్రసారకులను పనినుండి తాత్కాలికముగా తొలగించిరి. గాయనులకు చంపుదుమని బెదరింపులు వచ్చినవి.

ఇందు మూడు విధములైన పనులున్నవి. వానిని వేరువేరుగా చూడవలెను. పాట నచ్చని శ్రోత రేడియో మీట త్రిప్పివేయుట ఆయన స్వాతంత్ర్యము. దానిని ఎవరును తప్పుపట్టరాదు. చంపుదునని బెదరించుట నేరము. దానిని ఎవరును సమర్థింపరాదు. ఈ రెంటి నడుమ నున్నది ప్రసారసంస్థ చేసిన పని. అనేక పట్టణముల శ్రోతలు ఏది వినవలెనో ఒక కార్యాలయములో కూర్చుండి నిర్ణయించుట, గాయని పాటకు గాక ఆమె అభిప్రాయమునకు శిక్ష విధించుట, ఆ పని. ఒక శ్రోత మీట త్రిప్పినచో ఒక ఇంట పాట ఆగును. సంస్థ మీట త్రిప్పినచో, వినగోరువారి ఇండ్లలో కూడ ఆగును. 2003 జూలైలో సెనేటు సంఘము ఈ విషయమును విచారించినప్పుడు, ఇరాకు యుద్ధమును గట్టిగా సమర్థించిన సెనేటరు జాన్ మెకేన్ సైతము ఆ కంపెనీ చర్యను తీవ్రముగా ఆక్షేపించెను. యుద్ధమును కోరినవాడే విమర్శకుల హక్కును కాపాడబూనుట గమనింపదగినది.

యుద్ధకాలమున సైనికుల మనోధైర్యము చెడరాదు గదా అని కొందరు అందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. సేనల కదలికలను వెల్లడించు వార్తకు, హత్యలకు పురికొల్పు ప్రసంగమునకు అడ్డుకట్ట వేయుట సబబే. కాని 'ఈ యుద్ధము అవసరమా?' అను ప్రశ్న అట్టిది కాదు. సైనికుడు ఆ ప్రశ్న వేయలేడు. ఆయన ఆజ్ఞకు బద్ధుడు. ఆయన పక్షమున ఆ ప్రశ్న వేయవలసినవారు ఇంటివద్ద నున్న పౌరులే. వారి నోరు మూయించుట సైనికునికి చేయు ఉపకార మెట్లగును?

2004 అక్టోబరులో వెలువడిన పరిశీలకుల నివేదిక, ఇరాకులో సామూహిక వినాశకర ఆయుధముల నిల్వలు లేవని తేల్చినది. ఫ్రాన్సు అడిగిన వ్యవధి ఇచ్చియున్నచో ఈ సంగతి యుద్ధము లేకయే తెలిసియుండెడిదేమో! కాని విమర్శకుడు తరువాత నిజవాదిగా తేలినందువలన మాత్రమే ఆయనకు మాటలాడు హక్కు వచ్చినదని అనుకొనరాదు. ఆయన పొరబడియున్నను ఆ హక్కు ఆయనదే. ఎవరు పొరబడినారో ముందుగా తెలియదు గనుకనే అందరి మాట వినవలెను.

ఇక వాల్టర్ జోన్స్ సంగతి. ఆయన నియోజకవర్గములో నావికాసైనికుల పెద్ద శిబిర మున్నది. యుద్ధ మారంభమైన కొలది వారములకు, ఇరాకులో మరణించిన ఒక యువసైనికుని అంత్యక్రియలకు ఆయన వెళ్ళెను. అక్కడ ఆ సైనికుని భార్య, భర్త వ్రాసిన కడపటి ఉత్తరమును చదివినది. ఆ ఉత్తరము ఆయన మనస్సును కలచివేసినది. నాటినుండి ఆయన మృతవీరుల కుటుంబములకు స్వయముగా లేఖలు వ్రాయ మొదలిడెను. ఆ లేఖలు పదివేలకు మించినవి. మరణించిన సైనికుల చిత్రములను తన కార్యాలయపు వాకిట వరుసగా నిలిపెను. 2005లో, సేనలను ఉపసంహరించుటకు గడువు నిర్ణయింపుడని కోరు తీర్మానమును ఇతరులతో కలిసి సభలో ప్రవేశపెట్టెను. ఆ వేపుడు పేరు మార్పు జరుగకుండినచో బాగుండెడిదని బహిరంగముగా విచారించెను. 2006లో భోజనశాల పట్టికలో 'ఫ్రెంచి ఫ్రైస్' అను పాతపేరు, ఏ ప్రకటనయు లేకుండ, తిరిగి వచ్చినది. 2019 ఫిబ్రవరిలో ఆయన మరణించువరకు ఆ ఉత్తరములు సాగినవి.

శ్రోతలారా, పట్టికలో పేరు మార్చుటకు ఒక్క పూట చాలినది. మనస్సు మారుటకు ఒక వితంతువు చదివిన ఉత్తరము కావలసివచ్చినది. ఆ ఉత్తరమునకు ముందే, భిన్నముగా పలికినవారి మాటను ఆ దేశము నెమ్మదిగా వినియుండినచో ఎన్ని ఉత్తరములు వ్రాయనక్కర లేకపోయెడిదో ఎవరు చెప్పగలరు? మన దేశమునకును అట్టి గడియలు వచ్చును. అప్పుడు మనకు నచ్చని గొంతు ఈ పెట్టెలోనుండి వినబడినచో, మీట త్రిప్పు హక్కు మీకు ఉన్నది. త్రిప్పుటకు ముందు ఒక్క నిమిషము వినుడని మాత్రము, ఈ పెట్టె వెనుక కూర్చుండి పనిచేయువాడను, నా మనవి.