క్రిముల సభకు కోరము

గ్రామ పంచాయతీ సమావేశమునకు పిలుపు వెళ్ళినది. సర్పంచి వచ్చి కూర్చుండెను. సభ్యులు మాత్రము చాలినంతమంది రాలేదు. కోరము లేనందున సభ వాయిదా పడినది. ఇట్టి అనుభవము శ్రోతలలో అనేకులకు ఉండియే యుండును. కంటికి కానరాని సూక్ష్మజీవులు కూడ కోరమును పాటించునన్నచో వింతగా తోచవచ్చును. ఆ కోరమును చెడగొట్టి మొండిపుండ్లను మాన్పుటకు జరుగుచున్న ప్రయత్నమును గూర్చి నేడు మనవి చేయదలచితిమి.

మధుమేహమున్న ఇంట కాలిపుండు అనగానే భయము. చెప్పు కరచిన చిన్న గాయము నెలల తరబడి మానక, చీముపట్టి, మందులకు లొంగక, తుదకు వ్రేలినో పాదమునో తొలగించువరకు పోవుట కలదు. అట్టి పుండ్లలో తరచుగా కానవచ్చునవి స్టెఫిలోకోకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరూజినోసా అను క్రిములు. 1928లో పెనిసిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగ్, 1945లో తన నోబెల్ ఉపన్యాసమునందే, చాలీచాలని మోతాదులో మందు వాడినచో క్రిములు దానికి అలవాటుపడునని హెచ్చరించెను. అట్లే జరిగినది. 2019లో మందులకు లొంగని క్రిముల మూలముననే ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని అంచనా. మందు క్రిములను చంపును; చావక మిగిలినవి తమవంటి సంతతినే పెంచును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

చంపకయే క్రిములను లొంగదీయు ఉపాయము లేదా? దీనికి దారి సముద్రమునందు దొరకినది. 1970లో అమెరికాలో నీల్సన్, హేస్టింగ్స్ మొదలగువారు వెలుగునిచ్చు సముద్ర సూక్ష్మజీవులను గూర్చి ఒక విశేషమును ప్రకటించిరి. అవి కొలదిగా నున్నప్పుడు వెలుగవు. గుంపు పెరిగినపుడు ఒక్కుమ్మడిగా వెలుగును. ప్రతి జీవియు ఒక రసాయనమును వెలికి విడుచుచుండును. గుంపు పెరిగిన కొలది ఆ రసాయనము చిక్కనగును. అది ఒక మేరకు చేరగానే, తమవారు చాలినంతమంది కూడిరని అన్నిటికిని తెలియును. 1994లో శాస్త్రజ్ఞులు ఈ ప్రవర్తనకు కోరము అను మాటతోనే పేరు పెట్టిరి.

పుండులోని క్రిముల పద్ధతియు ఇంచుమించు ఇదియే. కొలదిగా నున్నప్పుడు స్టెఫిలోకోకస్ అణగియుండును. బలగము కూడిన పిమ్మట చర్మమును, తెల్లరక్తకణములను చెరచు విషములను విరివిగా విడుచును. ఆ సంకేతము చెవిని పడకుండ చేసినచో?

దక్షిణ ఇటలీ పల్లెలలో చెస్ట్‌నట్ చెట్టు ఆకుల కషాయముతో చర్మపు పుండ్లను కడుగుట వాడుక. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమునకు చెందిన కసాండ్రా క్వేవ్, ఆమె సహచరులు ఆ ఆకుల సారమును పరీక్షించి 2015లో ఫలితములను ప్రకటించిరి. ఆ సారము స్టెఫిలోకోకస్‌ను చంపలేదు. దాని సంకేతమును అడ్డగించి విషములు పుట్టకుండ చేసినది. మెథిసిలిన్‌కు లొంగని క్రిములచే ఎలుకల చర్మమునకు కలిగిన పుండ్లు దానివలన తగ్గినవి. రెండు వారములపాటు పదేపదే తగిలించినను క్రిములు ఆ సారమునకు అలవాటుపడిన జాడ కనబడలేదు. ప్రాణభయము లేనిచోట ఎదురుతిరుగవలసిన అవసరమును తక్కువయే కదా!

అయినను తొందర తగదు. ఎలుకకు మేలు చేసినది మనుష్యునకు మేలు చేయునని ముందుగనే చెప్పరాదు. వేరొక చిక్కును కలదు. సూడోమోనాస్ సంకేతములను అడ్డగించినచో దాని జిగురుపొర బలహీనపడును. స్టెఫిలోకోకస్ విషయమున ఆ పొర మరింత దట్టమగుటయు కలదు. కావున ఏ పుండున ఏ క్రిమి యున్నదో తెలిసికొనక ఈ ఉపాయమును వాడరాదు. పైగా నోరు మూయబడిన క్రిములను ఏరివేయవలసినవి మన రక్తకణములే. మధుమేహమున అవియే మందగించును. అందుచేత ఈ పద్ధతి పాత మందులకు తోడుగా నిలుచుననియే పలువురి ఆశ.

ఇది విని ఆకుల కషాయములు కాచి పుండ్లపై పోయవలదని మనవి. మధుమేహమున్నవారు ప్రతిదినము పాదములను చూచుకొనవలెను. వైద్యుడు వ్రాసిన మందును వ్రాసినన్ని దినములు వాడవలెను. వ్రాయని మందును అంగడిలో కొనరాదు. గాయము చిన్నదిగా నున్నప్పుడే, క్రిముల సభకు కోరము కూడకమునుపే, వైద్యునికి చూపించుట అన్నిటికంటె మేలు.