అద్దాల మేడలో ఒక పూట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను మళ్ళీ చెప్పి మీ భోజనం ఆలస్యం చేయను. 'ఈ కాలపు ఆఫీసులు' అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. మొన్న మా మనుమరాలు పనిచేసే ఆఫీసు చూసివచ్చాను గనుక సరే అన్నాను.

అది హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెజాన్ కంపెనీ భవనం. మన నల్లగొండ నుంచి నార్కెట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్దఅంబర్‌పేట దాకా పోయి ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నేరుగా అక్కడ దిగవచ్చు. 2016లో పునాది వేసి 2019 ఆగస్టు 21న ప్రారంభించారు. 9.5 ఎకరాల స్థలం, 15,000 మంది పనిచేసుకొనేంత మేడ, 49 లిఫ్టులు. అమెరికా వెలుపల ఆ కంపెనీ సొంతంగా కట్టుకొన్న మొదటి ఆఫీసు ఇదేనట. క్యాంటీను ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. ప్రార్థన చేసుకొనేవారికి గది ఉన్నది, అన్ని మతాలవారికీ అదే.

ప్రారంభమైన ఏడు నెలలకే కరోనా వచ్చి అందరినీ ఇళ్ళకు పంపారు. అంత మేడా ఖాళీ. పని మాత్రం నడిచింది. మరి ఆఫీసు ఎందుకు అనుకొన్నాను. కానీ 2025 జనవరి నుంచి వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రావాలని కంపెనీ నిబంధన పెట్టింది. కలిసి కూర్చుంటేనే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకొంటారని చెప్పిన కారణం. ఇది మనకు కొత్త సంగతి కాదు. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరినప్పుడు నోటు ఫైలు రాయడం ఏ పుస్తకం చూసి నేర్చుకోలేదు. పక్క సీటు పెద్దాయన నా చిత్తుప్రతి మూడుసార్లు చించిపారేస్తే నేర్చుకొన్నాను. నాలుగోసారి ఆయనే చాయ్ తాగించారు.

ఒక అంతస్తులో ఒక తలుపు దగ్గర మనుమరాలు ఆగి, "తాతా, ఇది తల్లుల గది. పసిబిడ్డల తల్లులు వాడుకోవడానికి" అన్నది. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి.

ఎందుకో చెబుతాను. ఇది ఇప్పటివరకు ఎక్కడా చెప్పలేదు. 1980లలో నేనొక తాలూకా కేంద్రపు కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సీటు చూసేవాడిని. కార్యాలయం పేరు అవసరం లేదు. మొత్తం సిబ్బందిలో ఇద్దరే ఆడవాళ్ళు. ఒకామె టైపిస్టు. ఇంకొకామె భర్త పోతే కారుణ్య నియామకం మీద వచ్చింది, చిన్న పిల్ల తల్లి. ఆఫీసులో వాళ్ళకు మరుగుదొడ్డి లేదు. వెనుక వీధిలో ఒక టీచరు గారింటికి వెళ్ళి వచ్చేవారు. ఆ ఇంటికి తాళం ఉన్ననాడు సాయంత్రం దాకా ఓర్చుకోవడమే. ఎండాకాలంలో కూడా ఆమె కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగగా నేను చూడలేదు. ఎందుకు తాగదో ఆలోచించనూ లేదు.

ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకొన్నారు. ఫైలు నా సీటుకే వచ్చింది. అంచనా కోసం రాశాము. అంచనా వచ్చింది. ఏ పద్దు కింద ఖర్చు చూపాలని ప్రశ్న వచ్చింది. జవాబు రాయవలసినది నేనే. పద్దు వెతకడానికి ఒక పూట పడుతుంది. పదకొండు నెలలు పట్టించాను. లంచం కోసం కాదు, కోపంతోనూ కాదు. అది తొందర పని అని నాకు తోచలేదు, అంతే. ఈలోగా ఆమెకు బదిలీ అయింది. 'అర్జీదారు బదిలీ అయినందున' అని రాసి ఆ ఫైలును ఎల్.డిస్. చేసి మూసినది ఈ చేతులే. టైపిస్టు ఇంకా అక్కడే ఉన్నదన్న సంగతి ఆ నోటులో లేదు.

ఆ ఆఫీసులోనే మనం ఎంత ఐక్యంగా ఉండేవారమో కూడా నిజమే. జవాను కూతురి పెండ్లికి అందరం చందాలు వేసుకొన్నాము. సమ్మె అంటే ఒక్కడు కూడా సంతకం పెట్టలేదు. సంఘం రసీదు పుస్తకం నా దగ్గరే ఉండేది. ఆ ఇద్దరూ చందా కట్టేవారు. వాళ్ళ అర్జీ ఏ సంఘ సమావేశంలోనూ చర్చకు రాలేదు.

అమెజాన్‌లో ఉద్యోగుల బృందాలున్నాయి. ఆడవాళ్ళకు ఒకటి, సైన్యం నుంచి వచ్చినవారికి ఒకటి, వికలాంగులకు ఒకటి. మన సంఘాల వంటివి కావు. జీతం కోసం మేనేజ్‌మెంటును నిలదీయవు. 2023 జనవరిలో ఆ కంపెనీ ప్రపంచం మొత్తం మీద 18,000 పైచిలుకు ఉద్యోగాలు తీసివేస్తున్నట్లు ప్రకటించినప్పుడు ఆపగలిగిన బలం వాటికి లేదు. ముప్పై ఆరేళ్ళ సర్వీసు తరువాత పూలదండతో 2008లో మహబూబ్‌నగర్‌లో దిగిపోయిన నాకు ఆ పిల్లలను చూస్తే దిగులే. కానీ వాళ్ళకు ఐక్యత లేదని మాత్రం ఇక అనను. మా మనుమరాలి గదిలో ఉండే అమ్మాయికి వేరే కంపెనీలో ఉద్యోగం పోతే, స్నేహితులు నాలుగు నెలల గది అద్దె పంచుకొన్నారు. రసీదు పుస్తకం లేదు.

ఇక అసలు సంగతి. మనం చందాలతో కట్టుకొన్న ఈ భవనంలో వెనుకవైపు స్త్రీల మరుగుదొడ్డి ఉన్నది. ఎంతమందికి తెలుసు? దాంట్లో పాత రిజిస్టర్లు, ఫ్లెక్సీలు నింపి తాళం వేశాము. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం వచ్చిన ఫ్యామిలీ పెన్షనరు సోదరీమణులు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఇదే హాలులో కూర్చున్నారు. ఒక్కరూ మంచినీళ్ళు తాగలేదు. ఈసారి గమనించాను.

కోశాధికారిగా ఉన్నప్పటి నుంచి ఆ తాళంచెవి నా దగ్గరే ఉన్నది. ఇదిగో, జేబులోనే. వయసులో చిన్నవాళ్ళు, అంటే అరవై అయిదు లోపువారు, ఇద్దరు నాతో వస్తే సభ కాగానే ఆ రిజిస్టర్లు బయట పెడదాము. భోజనాల వేళకు అయిపోతుంది.