గ్రాఫిక్స్ కార్డ్ కొనేముందు హార్డ్ డిస్క్ చూడండి: ధర్మవరంలో ఒక పాత పీసీ కథ

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పాత పీసీ ఉంది, చేతిలో పదిహేను వేలు ఉన్నాయి, ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొనాలి?" దసరా సెలవుల్లో ఇదే ప్రశ్న మా ఇంటి మనిషే అడిగాడు. ధర్మవరంలో మా మామ కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. ఏడాదిపాటు దాచుకున్న డబ్బు. "బావా, బెంగళూరు ఎస్పీ రోడ్‌కి పోయి కార్డ్ తెచ్చుకుందాం" అని ఫోన్ మీద ఫోన్. "ఆగరా, ముందు మిషన్ చూడనీ" అని హిందూపురంలో ట్రైన్ ఎక్కాను.

ఆ పీసీ 2014లో మామ కొన్నది. ఆయనది పట్టుచీరల పని. జాకార్డ్ డిజైన్లు, బోర్డర్లు, కొంగులు అన్నీ అందులోనే చేయించుకుంటాడు. పగలు మామకి డిజైన్లు, రాత్రి వీడికి గేమ్‌లు. లోపల ఐ5-4460 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ కార్డ్ అసలు లేదు.

నేను మొదట చేసింది ఏమీ కొనడం కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి, వాణ్ణి జీటీఏ 5 ఆడమన్నాను. మీరూ ఇంతే చేయండి. గేమ్ ఆగి ఆగి నడుస్తున్నప్పుడు ఏ అంకె 100 దగ్గర ఉందో చూడండి. ఇక్కడ ర్యామ్ నిండిపోయింది, డిస్క్ 100 శాతం మీద కూర్చుంది. ర్యామ్ చాలకపోతే విండోస్ ఆ డేటాని డిస్క్ మీద పెడుతుంది. డిస్కే నెమ్మది అయితే ఎంత మంచి కార్డ్ పెట్టినా గేమ్ ఎదురుచూస్తూనే ఉంటుంది.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. అంటే డిస్క్‌లో కొన్ని సెక్టార్లు చెడిపోయాయి. "మామా, డిజైన్లకి ఇంకో కాపీ ఎక్కడన్నా ఉందా?" అని అడిగాను. "లేదు అల్లుడూ, అన్నీ అందులోనే ఉండాయి" అన్నాడు. పదకొండేళ్ల పని, ఒక్క కాపీ, అదీ చెడిపోతున్న డిస్క్‌లో. గేమ్ సంగతి పక్కనపెట్టి ఆ రాత్రంతా ఫైల్స్ నా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేశాం. కొన్ని ఫోల్డర్ల దగ్గర డిస్క్ టక్ టక్ అని శబ్దం చేస్తుంటే మా ముగ్గురికీ నిద్ర పట్టలేదు.

రెండో విషయం ఎస్‌ఎమ్‌పీఎస్. క్యాబినెట్‌తో పాటు వచ్చిన దాని మీద 450 వాట్స్ అని పెద్ద అక్షరాలు. నమ్మకండి. లేబుల్ మీద 12 వోల్ట్ దగ్గర ఎన్ని యాంప్స్ ఉన్నాయో చూడండి. అక్కడ 14 ఉంది. 12ని 14తో గుణిస్తే 168 వాట్స్. ప్రాసెసర్‌కి 84, కార్డ్‌కి 75 అనుకుంటే 159 అక్కడే అయిపోయింది. ఫ్యాన్లకి, డిస్క్‌కి ఇంకేం మిగిలింది?

ఇది నాకు బాగా తెలుసు. బీటెక్ మూడో ఏడాదిలో పదిహేను వందలు మిగుల్తాయని పేరు లేని ఎస్‌ఎమ్‌పీఎస్ కొన్నాను. ఎండాకాలం ఒక సాయంత్రం కరెంట్ పోయి వచ్చింది, టప్‌మని శబ్దం, కాలిన వాసన. బోర్డ్ పోయింది, హార్డ్ డిస్క్ పోయింది, అందులో ప్రాజెక్ట్ కూడా పోయింది. అందుకే మామ పీసీ దగ్గర నేను మొండికేశాను.

కార్డ్ కోసం పెనుకొండలో దిగాం. అక్కడ నా ఫ్రెండ్ తన పాత జీటీఎక్స్ 1650 అమ్ముతున్నాడు. ఫ్రెండ్ అయినా టెస్ట్ చేయకుండా తీసుకోలేదు. జీపీయూ-జెడ్‌లో కార్డ్ అసలుదేనా అని చూశాం. ఫర్‌మార్క్ అరగంట నడిపి వేడి, తెర మీద మచ్చలు, ఫ్యాన్ శబ్దం గమనించాం. ఈ కార్డ్ 75 వాట్స్‌ది. కొన్ని మోడల్స్‌కి వేరే పవర్ కేబుల్ కావాలి, దీనికి అక్కర్లేదు.

లెక్క చెప్తాను. వాడిన కార్డ్ 6,500. 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 3,000. మంచి కంపెనీ ఎస్‌ఎమ్‌పీఎస్ 3,000. పాత 8 జీబీ ర్యామ్ స్టిక్స్ రెండు 1,800. మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంది, కార్డ్‌కి అది లేదు, కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ కన్వర్టర్ 400. మొత్తం 14,700. ర్యామ్ ఒకే స్టిక్ కాకుండా రెండు పెడితే డ్యూయల్ ఛానెల్‌లో పనిచేస్తుంది.

మా బామ్మర్ది మొహం మాడిపోయింది. "బావా, సగం డబ్బు కనపడని వాటికే పెట్టినావు" అన్నాడు. అన్నీ బిగించి, కేబుల్ బోర్డ్‌కి కాకుండా కార్డ్‌కి పెట్టి ఆన్ చేశాం. ముందు నాలుగు నిమిషాలు పట్టే విండోస్ ఇప్పుడు అర నిమిషం లోపే వచ్చింది. జీటీఏ 5 మీడియం సెట్టింగ్స్‌లో 60 ఫ్రేమ్స్ దగ్గర నడిచింది. వాడు మాట్లాడకుండా ఆడుకుంటూ కూర్చున్నాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది కొత్త పీసీ అయిపోలేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 2026 అక్టోబర్ దాకా పొడిగింపు ప్రకటించారు. నాలుగో తరం ఇంటెల్‌కి విండోస్ 11 అధికారికంగా లేదు. కొత్త పెద్ద గేమ్‌లే కావాలంటే బోర్డ్, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి మార్చాలి. పెనుకొండ ఫ్రెండ్ అలాగే రైజెన్ 5 5600కి వెళ్లాడు. కానీ ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ రేట్లు పెరిగాయి, కాబట్టి తొందరపడి అప్పు చేయకండి.

రెండు నెలల తర్వాత మామ ఫోన్ చేశాడు. పక్కన పెట్టిన ఆ పాత హార్డ్ డిస్క్‌ని ఊరికే కనెక్ట్ చేసి చూశారంట, కంప్యూటర్ గుర్తుపట్టలేదు. డిజైన్లు మాత్రం ఎస్‌ఎస్‌డీలో ఒకటి, నా డ్రైవ్‌లో ఒకటి భద్రంగా ఉన్నాయి. వెనక నుంచి మా వాడు "బావా, ఆ కనపడనివే పనికొచ్చినాయిలే" అని అరిచాడు.

కాబట్టి ఫ్రెండ్స్, వరస గుర్తుపెట్టుకోండి. ముందు బ్యాకప్, తర్వాత టాస్క్ మేనేజర్, తర్వాత ఎస్‌ఎమ్‌పీఎస్ లేబుల్, చివర్న గ్రాఫిక్స్ కార్డ్. ఇంట్లో నాన్న ఫైల్స్, అమ్మ ఫోటోలు ఉన్న పాత పీసీ ఉంటే ఈ రోజే ఒక కాపీ తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో పాత క్యాబినెట్‌లో దుమ్ము, వేడి ఎలా తగ్గించాలో చూద్దాం. ఉంటాను, బై.