అప్పుడప్పుడు సినిమా చూచువాని అభిప్రాయములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగలో సినిమా ప్రస్తావన ఏల యని కొందరికి తోచవచ్చును. పుస్తకము చదువువాడు వేరు, ఆటకు పోవువాడు వేరు అని పలువురి తలంపు. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఈ యిద్దరును తరచుగా ఒక్కడే. ఉదయము పత్రిక చదువుటకై ఈ బల్లయొద్ద కూర్చుండు రైతే పనిమీద పట్టణమునకు పోయిననాడు సినిమా హాలులోను కూర్చుండును. ఈ ప్రసంగము అతనిని గూర్చినది.

అతడు విమర్శకుడు కాడు. ఏడాదికి నాలుగైదు చిత్రములకు మించి చూడడు. ధాన్యమమ్ముటకో, ఆస్పత్రి పనికో, కొడుకు కాలేజీ ఫీజు కట్టుటకో ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి పోవును. పని ముగిసి పొద్దు మిగిలియున్నచో మధ్యాహ్నపు ఆట చూచి సాయంకాలపు బస్సులో మరలివచ్చును. దారి పొడుగునను తోడి ప్రయాణికునితో ఆ చిత్రమును గూర్చి మాటలాడును. ఇల్లు చేరి భార్యకు చెప్పును. మరునాటికి ఆ మాటలు గాలిలో కలిసిపోవును. ఎవరైన గట్టిగా అడిగినచో, “మాకేమి తెలుసును? చదువుకొన్నవారు చెప్పవలె” అని తన అభిప్రాయమును తానే తక్కువ చేసికొనును.

ఇది సరికాదు. కామారెడ్డి బెల్లమునకు పేరుపడిన అంగడి. అచ్చట ముక్క గిల్లి నోట వేసికొని సరకు మంచిచెడ్డలు చెప్పువాడు స్వయముగా గానుగ ఆడించినవాడు కానక్కరలేదు. రుచి తెలిసిన నాలుక యున్న చాలును. ఆ నాలుక మొగమాటమునకు అబద్ధమాడకున్న చాలును. సినిమా చూచువాని సంగతియు ఇంతే. అతని తీర్పులు కొన్ని విందురుగాక.

మొదటిది పౌరాణికము. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ నాటి నుండియు తెలుగు వాక్చిత్రమునకు పురాణమే పునాది. డేరా సినిమాలలో నేల టిక్కెట్టు కొని కూర్చున్న తాతల నుండి నేడు చేతిలోని ఫోనులో చూచు మనుమల దాక అందరికిని తెలిసిన చిత్రము 1957 నాటి ‘మాయాబజార్’. కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ఆ కథలో పాండవులు ఒక్కమారైనను తెరపై కానరారు. ఆ లోటు చూచువానికి తోచదు. ఏలయన అతడు అందు చూచునది మహాభారతమును కాదు, మేనరికమును. మేనగోడలిని కోడలిగా చేసికొందునని సుభద్ర ఆశపడినది. అన్నగారు మాట యిచ్చినారు. పాండవుల రాజ్యము పోగానే ఆ మాటయు పోయినది. ఆస్తి పోయినంతనే పలుచబడిన చుట్టరికమును ఎరుగని పల్లె ఏది? అందుచేత అతని తీర్పు ఇది: “ఘటోత్కచుని మాయ ఎంతయైన నమ్మెదను. కాని ఇంటి సంగతి మాత్రము నిజముగా నుండవలె.”

రెండవది జానపదము. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు రాజకుమారిని వలచును. పేదవాని బిడ్డ గెలుచుట చూడవలెనని జానపదమునకు పోవువాని కోరిక. ఆ కోరిక ఇందు తీరును. అయినను సేద్యము చేసి బ్రతుకువాడు గుర్తించు సంగతి యొకటి కలదు. ప్రతిమ చలువతో లేచిన మేడ ప్రతిమ చేయి మారగనే పోయినది. అప్పుడు తోటరామునికి మిగిలినవి సాహసమును, స్నేహితుని తోడును మాత్రమే. అప్పనముగా వచ్చినది నిలువదని పెద్దలు చెప్పు మాటను ఆ చిత్రము నీతిబోధ చేయకయే చెప్పినదని అతని మెప్పు.

మూడవది సాంఘికము. ఇచ్చట అతడు కఠినుడు. రాక్షసుని ఆకాశమున ఎగురనిచ్చినవాడు, నాగలి పట్టుట రాని రైతును ఒక్క క్షణము సహింపడు. పొలములో నలుగని చొక్కాతో నిలుచు నాయకుని చూచి నవ్వును. ఈ కొలతకు నిలిచిన చిత్రములు లేకపోలేదు. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారముగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ తెలంగాణ రైతాంగ పోరాటపు కథ. అందు బండి యాదగిరి పాటను గద్దర్ తెరపై పాడెను. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ గడీలోని ఆడుబిడ్డ బ్రతుకును చూపినది; అందు నటించిన అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ బహుమానము లభించెను. దోమకొండ కోట దారిన పోవు ఈ ప్రాంతపువారికి గడీ యనగా ఏమో పుస్తకము చూచి తెలిసికొనవలసిన పని లేదు. ‘దాసి’లో మాటలు తక్కువ, నిశ్శబ్దము ఎక్కువ. “పొద్దు గడుచుటకు చూచు చిత్రము కాదు, చూచిన పిదప మరచు చిత్రమును కాదు” అని అతడనును.

నాలుగవది పోరాటపు చిత్రము. ఇచ్చట అతనికిని కొడుకునకును పొత్తు కుదురదు. 2015లోను 2017లోను వచ్చిన ‘బాహుబలి’ రెండు భాగములను ఇంటిల్లిపాదియు చూచిరి. 2023లో ‘ఆర్.ఆర్.ఆర్.’లోని కీరవాణి బాణీకి, చంద్రబోస్ రచనకు ఆస్కార్ బహుమానము వచ్చినప్పుడు తండ్రియు సంతోషించెను. కాని ఒక్కడు ఇరువదిమందిని కొట్టి పడవేయు ఘట్టము వచ్చినప్పుడెల్ల, “ఆ పడినవారి ఇండ్లలో ఎవరు లేరా?” అని అతని ప్రశ్న. “అది ఆట, నాయనా! ఘటోత్కచుని నమ్మితివి, దీనిని నమ్మవా?” అని కొడుకు ఎదురుప్రశ్న వేయును. దీనికి తండ్రి యొద్ద జవాబు లేదు. మంచి చిత్రము ఇంటిలో ఇట్టి వాదమును పుట్టించుట కూడ మేలే.

ఐదవది హాస్యము. ఇచ్చటనే అసలు చిక్కు కలదు. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతము గయ్యాళితనమునకు ఊరెల్ల నవ్వెను. ఆ నవ్వులో ఎవరికిని అవమానము లేదు. ప్రతి వీథిలోను ఒక గుండమ్మ యుండును గనుక. కాని ఆ తరువాతి కాలమున మరియొక రకపు హాస్యము పెరిగెను. చిత్రమున నాయకుడు ఒక భాష మాటలాడును. రౌడీయో, తెలివితక్కువ నౌకరో తెలంగాణ మాట మాటలాడును. హాలంతయు నవ్వును. ఈ రైతును నవ్వెను. ఆట వదలిన పిదప బస్సెక్కి కండక్టరుతో మాటలాడినప్పుడు అతని నోట వచ్చినది ఆ నౌకరి మాటయే. తాను ఇంతసేపు నవ్వినది తన తల్లి మాటను చూచియే యని అప్పుడు మనసున గ్రుచ్చుకొనెను. ఆ సంగతి ఎవరితోను చెప్పలేదు. అతని వంటివారు వేలమంది చెప్పలేదు. చెప్పని అభిప్రాయమునకు లెక్క లేదు. అందుచేత అట్టి చిత్రములు ఏండ్ల తరబడి వచ్చుచునే యుండెను.

2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ వచ్చెను. కథానాయిక ఊరు బాన్సువాడ. అంతకు ముందటి ఏడు అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోనిదే ఆ ఊరు. తండ్రిని, ఊరిని విడువనొల్లని భానుమతి తన ప్రేమను, కోపమును, అభిమానమును ఈ ప్రాంతపు మాటలోనే చెప్పినది. తమిళనాటి సాయిపల్లవి ఆ పలుకుబడి నేర్చి తన కంఠముతోనే పలికెను. పరాయి నాటి పిల్ల కష్టపడి నేర్చుకొన్న మాటను పుట్టినవారు దాచుకొనుట ఏమి న్యాయమని ఆనాడు ఎల్లారెడ్డి బస్సులో అతడు బిగ్గరగానే అనెను.

అయినను మాట తనదైనంత మాత్రమున ప్రతి చిత్రమును మెచ్చుకొనడు. 2023లో వేణు యెల్దండి ‘బలగం’ను చూచినప్పుడు అతడు పరీక్షించినది కథనే. కొమురయ్య చనిపోవును, పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు. ఏనాడో విందులో మాంసపు బొక్క దగ్గర పుట్టిన పంతముతో బావ, బావమరిది విడిపోయియుందురు. ఆ పగ తీరనిదే ముసలివాని ఆత్మకు శాంతి లేదు. తెలంగాణమున అనేక గ్రామములలో ఆరుబయట తెర కట్టి ఆ చిత్రమును చూచిరి. డేరా సినిమా దినములు మరల వచ్చినట్లయ్యెను. చివర బుడగజంగాల పాటతో దుఃఖము కొంచెము ఎక్కువైనదని అతని అభిప్రాయము. “ఏడువవలసినవారు ఏడిచిరి, నీకేమి?” అని భార్య ఖండించెను. ఆ రాత్రి చాలసేపటికి, మాటలు లేని తన తమ్ముని ఇంటి వైపు అతడు చూచుచుండుటయు ఆమెయే గమనించెను.

సభాసదులారా! ఈ తీర్పులన్నిటికిని మూలము ఒక్కటే. పౌరాణికమును పురాణపు కొలతతోను, హాస్యమును హాస్యపు కొలతతోను కొలువవలెను. కాని మనుష్యుని బ్రతుకు అబద్ధము కారాదు, మనుష్యుని మాట చులకన కారాదు. ఇది తెలిసికొనుటకు పట్టా అక్కరలేదు.

ఇది గ్రంథాలయమునకు పరాయి విషయమును కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసినప్పుడు తెలుగు మాటకు దొరతనములో చోటు లేకుండెను. తమ మాటను తాము చులకన చేసికొనరాదనియే ఆనాటి పెద్దలు పుస్తకములు ప్రోగుచేసిరి. ఆ దీక్షకు ఈ పల్లెలోని బీరువాయు వారసురాలే.

కావున ఈ రజతోత్సవ సమయమున ఒక చిన్న విన్నపము. పత్రికలుంచు బల్లపై ఒక గట్టి అట్ట నోటుపుస్తకము ఉంచవలెను. చిత్రము చూచి వచ్చినవారు దాని పేరు, చూచిన తేదీ, నచ్చినది, నచ్చనిది నాలుగు పంక్తులలో వ్రాయవలెను. వ్రాయుట రానివారు చెప్పగా పిల్లలు వ్రాయవలెను. తండ్రి ఒక విధముగా, కొడుకు మరియొక విధముగా వ్రాసినను రెండును ఉండనీయవలెను. చిత్రమునకు మూలమైన నవల బీరువాలో నున్నచో దాని సంఖ్య ప్రక్కన వేయవలెను.

మొదటి పుటను ఎల్లారెడ్డి బస్సులోని ఆ రైతుకే విడుచుట ఉచితము. అతడు తన మాటలోనే వ్రాయుగాక.