టీవీకి బాక్సు కొనేముందు



పాటలకీ, సినిమాలకీ బాక్సు కొనడానికి రాజమండ్రి వెళ్తున్నారా? ముందు మీ టీవీ వెనక చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఉందా? ఉంటే పక్కింటి పెన్‌డ్రైవ్ అడిగి పెట్టి చూడండి. పాట వస్తే వేరే బాక్సు దండగే.

నెట్టు మీద నడిచే బాక్సు ఒక్కసారే కొంటాం. నెట్టు బిల్లు మాత్రం నెలనెలా కట్టాలి. షాపువాళ్లు ఆ మాట ఎత్తరు. మీరే అడగండి.

దూరదర్శన్ వారి ఉచిత డిష్ 2004లో మొదలైంది. డిష్షూ బాక్సూ కొంటే చాలు, నెల బిల్లు లేదు. సప్తగిరి వస్తుంది. మీరు చూసే సీరియళ్లన్నీ రావు మరి!

గేదె కోసం తెచ్చిన డ్వాక్రా అప్పులోంచి దీనికి తీయకండి. గేదె పాలిస్తుంది, వాయిదా కట్టుకోవచ్చు. బాక్సు ఏమిస్తుంది?

కొంటే బిల్లు, గ్యారంటీ కార్డు అడగండి. గ్యారంటీ ఎన్ని నెలలో అక్కడే, మీరే చదవండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.