సర్కారు బడిలో సంస్కృతము

పెద్దలారా, మన కాగజ్‌నగరము పేరు చూడుడు. కాగజ్ పారసీక పదము; నగరము సంస్కృతము. విద్య, వర్షము, పుస్తకము అనునవియు తత్సమములే. మన బాలుడు నిత్యము పలుకు ఈ మాటల మూలము నేర్చుట పండితుల యిండ్లకే చెల్లవలెనా? కాగితపు మిల్లు కార్మికుని బిడ్డకు ఏల దక్కరాదు?

తెలుగును తొలగింపుడని నేను కోరను. 2018 నాటి చట్టము దానిని బడులలో తప్పనిసరి చేసినది, అది యుక్తమే. తెలుగు పాఠమునకు తోడుగా, కోరినవారికి వారమునకు రెండు గంటలు సంస్కృతము చెప్పిన చాలును.

అయితే ఆరంభించుటకన్న నిలుపుట కష్టము. ఐరోపావారి ప్రాచీన విద్యాభాషయగు లాటినును 40 సర్కారు బడులలో నేర్పింపనెంచి ఇంగ్లండు ప్రభుత్వము 2021లో పథకము ప్రకటించెను. 2025లో చదువుల నడుమనే ధనము నిలిపెను. అట్టి నష్టము మన పిల్లలకు వలదు. స్థిరముగా నుండు ఉపాధ్యాయుని బడి సభలో మీరే అడుగుడు.